భోపాల్ అమానత్ ఎవరి చేతుల్లో ఉంది?

భోపాల్ పేరు ఎత్తితే ఇప్పుడు చాలామంది ముఖాల్లో విసుగు కనిపిస్తుంది. నలభై ఏళ్ల నాటి సంగతి కదా, పరిహారం పంచారు, పెద్ద ఆసుపత్రి కట్టారు, సుప్రీంకోర్టు కూడా తలుపు మూసేసింది, ఇంకా ఏం కావాలి అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగేవారిలో ప్రభుత్వాధికారులే కాదు, మన సమాజపు చదువుకున్న పెద్దలూ ఉన్నారు. పరిహారం పంచిన మాట నిజం. ఆసుపత్రి కట్టిన మాట నిజం. 2023 మార్చి 14న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కేంద్ర ప్రభుత్వ క్యూరేటివ్ పిటిషన్‌ను కొట్టివేసిన మాటా నిజమే. అయితే ఈ మూడు నిజాల వెనుక నాలుగో నిజం ఒకటుంది. బాధితుల పేరిట వచ్చిన సొమ్ము బాధితుల చేతికి ఎన్నడూ రాలేదు. వారి ఆరోగ్యం కోసం ఏర్పడిన ఏ సంస్థలోనూ వారికి యజమాని స్థానం దక్కలేదు. తమ సొమ్ముతో నిలబడిన భవనం ముందు వారు చీటీ పట్టుకుని నిలబడ్డ రోగులుగానే మిగిలారు.

ఒకరి సొత్తును మరొకరి సంరక్షణలో ఉంచితే మన ధర్మ పరిభాషలో దానిని అమానత్ అంటాం. అమానత్ ఉంచుకున్నవాడు దాత కాడు, లెక్క చెప్పవలసినవాడు. ఖైరాత్ పుచ్చుకున్నవాడికి లెక్క అడిగే హక్కు లేదు, అమానత్ సొంతదారుకు ఉంది. భోపాల్‌లో జరిగిన అసలు మోసం, అమానత్‌ను ఖైరాత్‌గా మార్చివేయడం. ఆ మార్పు ఏ మెట్టు మీద ఎలా జరిగిందో తెలుసుకోవడం భోపాల్‌వారికే కాదు, రేపు ఏ కర్మాగారం గోడ పక్కనైనా బతకవలసి వచ్చే పేదలందరికీ అవసరం.

వకాల్తా లాక్కున్న సంరక్షకుడు

1984 డిసెంబరు 2 రాత్రి, తెల్లవారితే 3, యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్ పురుగుమందుల కర్మాగారంలోని ట్యాంకు నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడింది. ఆ కంపెనీలో 50.9 శాతం వాటా అమెరికాలోని మాతృసంస్థది. వాయువు పాత భోపాల్ వైపు సాగింది. జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్, చాంద్‌బడ్, రైల్వే కాలనీ మొదలైన పేటలు దాని దారిలో పడ్డాయి. తరువాత నగరంలోని 56 వార్డులలో 36 వార్డులను వాయుపీడిత ప్రాంతంగా ప్రభుత్వమే ప్రకటించింది.

1985లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసి, బాధితుల తరఫున వ్యాజ్యం నడిపే సంపూర్ణాధికారాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది. నిరుపేదలు ఒక బహుళజాతి కంపెనీతో విడివిడిగా పోరాడలేరు కనుక రాజ్యమే తండ్రి స్థానంలో నిలబడుతుందన్నది ఆ చట్టం సారాంశం. వినడానికి ఉదాత్తంగానే ఉంది. ఆ తండ్రి చేసిన పని చూడండి. 330 కోట్ల డాలర్లు కావాలని దావా వేసినవాడు 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాడు. సుప్రీంకోర్టులో అప్పుడు విచారణలో ఉన్నది మధ్యంతర పరిహారానికి సంబంధించిన అప్పీలు మాత్రమే. ఆ విచారణ మధ్యలోనే మొత్తం వ్యాజ్యం ముగిసిపోయింది. బాధితులలో ఒక్కరినైనా పిలిచి సమ్మతమేనా అని అడగలేదు.

రాజీ లెక్కకు ఆధారంగా తీసుకున్నది సుమారు 3,000 మరణాలు, లక్ష పైచిలుకు గాయాలు. చివరికి పరిహారం ఇవ్వవలసి వచ్చింది 5,70,000 మందికి పైగా. అంచనా వేసిన సంఖ్యకు అయిదు రెట్లు మించి మనుషులు వచ్చారు, సొమ్ము మాత్రం అంతే. గాయపడినవారిలో అత్యధికులకు అందింది 25,000 రూపాయలు. 1990 నుంచి నెలకు 200 చొప్పున ఇచ్చిన మధ్యంతర సాయాన్ని కూడా అందులోంచే మినహాయించుకున్నారు. మిగిలిన నిధిని పంచాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత అంతే మొత్తం మరోసారి వచ్చింది. దుర్ఘటన జరిగి అప్పటికి ఇరవై ఏళ్లు. జీవితకాలం మోయవలసిన ఊపిరితిత్తుల జబ్బుకు రెండు విడతలలో వచ్చిన వెల యాభై వేలు.

కోర్టు చెప్పింది ఏమిటి, జరిగింది ఏమిటి?

నగదు సంగతి అలా ఉంచి ఆరోగ్యం సంగతి చూద్దాం. రాజీని సమీక్షించిన సుప్రీంకోర్టు 1991 అక్టోబరు 3న ఇచ్చిన తీర్పులో రాజీ మొత్తాన్ని సమర్థించింది. నేరవిచారణను మాత్రం పునరుద్ధరించింది. దానితో పాటు వైద్యానికి సంబంధించి స్పష్టమైన బాధ్యతలు నిర్దేశించింది. కనీసం 500 పడకల ఆసుపత్రి కట్టాలి. అప్పటికి లక్షణాలు బయటపడకపోయినా భవిష్యత్తులో జబ్బుపడే అవకాశమున్న సుమారు లక్షమందికి, పిల్లలతో సహా, వైద్య బీమా చేయించాలి. నిధి చాలకపోతే ఆ లోటును సంక్షేమ రాజ్యంగా భారత ప్రభుత్వమే పూడ్చాలి.

ఆసుపత్రికి సొమ్ము ఎలా వచ్చిందో గమనించండి. నేరవిచారణకు హాజరు కాని అమెరికా కంపెనీ భారతదేశంలోని తన వాటాలను 1992లో లండన్‌లో ఏర్పాటు చేసిన ఒక ట్రస్టుకు రాసి ఇచ్చింది. భోపాల్ న్యాయస్థానం ఆ వాటాలను జప్తు చేసింది. 1994లో సుప్రీంకోర్టు అనుమతితో వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో భోపాల్ మెమోరియల్ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం నిలబడింది. పరారీలో ఉన్న నిందితుడి ఆస్తి, జప్తులో ఉన్న ఆస్తి, ఆసుపత్రి విరాళంగా రూపం మార్చుకుంది. ఆ వాటాలతో పాటు ఈ దేశంలో కంపెనీని కట్టిపడేసే చివరి తాడు కూడా తెగిపోయింది. ఆసుపత్రి వద్దని ఎవరూ అనలేదు. కానీ ఆసుపత్రి కోసం న్యాయాన్ని వదులుకోవలసి వచ్చేలా బేరం కుదిర్చింది బాధితులు కారు.

2000లో ఆసుపత్రి తెరుచుకుంది. 500 పడకలు 350 అయ్యాయి. వాయుపీడితులకు ఉచిత వైద్యంతో పాటు డబ్బు చెల్లించే ఇతర రోగులకూ తలుపులు తీశారు. గుండె, మూత్రపిండాలు, కేన్సర్ వంటి విభాగాలకు నిపుణులు రావడం, పోవడం, ఏళ్ల తరబడి ఖాళీలు ఉండటం సర్వసాధారణమైంది. అక్కడి వాయుపీడిత రోగుల మీద కొత్త మందుల ప్రయోగాలు జరిగిన సంగతి 2010 తరువాత వెలుగులోకి వచ్చింది. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో రోగులకు తెలియదని బాధిత సంఘాలు ఆరోపించాయి. విషవాయువు పీల్చిన ఊపిరితిత్తుల మీద మరో ప్రయోగం. ఆసుపత్రి నిర్వహణలో బాధితులకు అధికారం ఉండి ఉంటే ఆ కాగితాలను ఎవరైనా ముందే చదివి వినిపించేవారు.

ఇక లక్షమందికి బీమా. అది ఎన్నడూ జరగలేదు. ఈ మాట అంటున్నది ఉద్యమకారులు కారు. రాజీ మొత్తాన్ని పెంచాలంటూ కేంద్రం 7,844 కోట్ల రూపాయలు కోరుతూ వేసిన పిటిషన్‌ను కొట్టివేస్తూ 2023లో సుప్రీంకోర్టే ఈ వైఫల్యాన్ని కేంద్రపు తీవ్ర నిర్లక్ష్యంగా అభివర్ణించింది. విచిత్రం చూడండి. తప్పు ప్రభుత్వానిదని కోర్టు తేల్చింది, కానీ ఆ తప్పుకు శిక్ష అనుభవించింది వట్టి చేతులతో ఇంటికి వెళ్లిన బాధితులు. సంరక్షకుడి నిర్లక్ష్యానికి సంరక్షణలో ఉన్నవాడు నష్టపోవడం ఏ న్యాయశాస్త్రంలో న్యాయం?

2020 మార్చిలో జరిగినది ఈ కథకు పరాకాష్ఠ. కరోనా ముంచుకొచ్చినప్పుడు మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ చికిత్సకు తీసుకుంది. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్న వాయుపీడితులను, ఎవరికి ఆ మహమ్మారి అందరికంటే ప్రమాదకరమో వారినే, వారి ఆసుపత్రి నుంచి పంపివేశారు. బాధిత సంఘాల పోరాటంతో ఏప్రిల్ నడుమ ఆ ఆదేశం వెనక్కి వెళ్లింది. ఆ వారాలలోనే దేశమంతటా టీవీ తెరలు ముస్లింలను రోగం పంచేవారిగా చిత్రిస్తున్నాయి. కాజీ క్యాంప్‌లో ఉబ్బసంతో రొప్పుతున్న ముసలివాడి పడక ఎవరు లాక్కున్నారని మాత్రం ఏ తెర మీదా చర్చ జరగలేదు.

పరిశోధన ఆగితే హక్కు ఆగుతుంది

భారత వైద్య పరిశోధన మండలి భోపాల్‌లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక అధ్యయనాలను 1994లోనే ముగించింది. దీనిని కేవలం శాస్త్రీయ లోటుగా చూడరాదు. జబ్బుకూ వాయువుకూ సంబంధం ఉందని నిరూపించే భారం బాధితుడి మీద పెట్టి, ఆ నిరూపణకు అవసరమైన పరిశోధనను మధ్యలో ఆపితే, అది ఒక తీర్పుతో సమానం. పరిహార న్యాయస్థానాల్లో తొంభై శాతానికి పైగా గాయాలు తాత్కాలికమైనవిగా నమోదయ్యాయి. అదే మనుషులు దశాబ్దాలుగా అదే ఆసుపత్రుల వరుసల్లో నిలబడుతూనే ఉన్నారు. తాత్కాలిక గాయానికి శాశ్వత రోగి ఎలా పుడతాడు?

ఇలాంటి నిధిని మరోలా వాడవచ్చునా అని అడిగేవారికి అమెరికా నుంచే రెండు ఉదాహరణలు చెప్పవచ్చు. పశ్చిమ వర్జీనియాలో డ్యూపాంట్ కర్మాగారం నుంచి సి-8 అనే రసాయనం తాగునీటిలో కలిసిన వ్యాజ్యంలో 2005లో రాజీ కుదిరింది. అందులోని 7 కోట్ల డాలర్లతో సుమారు 69,000 మందికి రక్తపరీక్షలు, ఆరోగ్య సర్వే జరిగాయి. ఇరుపక్షాలూ అంగీకరించిన ముగ్గురు శాస్త్రవేత్తల బృందం ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, 2012 నాటికి ఆరు జబ్బులకు ఆ రసాయనంతో సంబంధం ఉండవచ్చునని తేల్చింది. ఆ నిర్ధారణ తరువాతనే వేలాదిమంది రోగులు కోర్టులలో నిలబడగలిగారు. అక్కడ రాజీ సొమ్ము సాక్ష్యాన్ని పుట్టించింది. భోపాల్‌లో రాజీ సాక్ష్యాన్ని పాతిపెట్టింది.

రెండవది 2010లో మెక్సికో సింధుశాఖలో జరిగిన బి.పి. చమురు ప్రమాదం. ఆ వైద్య రాజీలో అర్హులకు 21 ఏళ్లపాటు వైద్య పరీక్షల హామీ ఉంది. దానికి అదనంగా తీరప్రాంత పేదల ప్రాథమిక వైద్యం, మానసిక ఆరోగ్యం, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ కోసం 10.5 కోట్ల డాలర్ల సామాజిక ఆరోగ్య కార్యక్రమం ఏర్పడింది. ఇరవై ఏళ్ల తేడాలో డాలరు విలువ మారిందన్నది నిజమే. అయినా పోల్చి చూడండి. భోపాల్‌లో ప్రాణాలకూ, గాయాలకూ కలిపి కట్టిన మొత్తం ధర 47 కోట్లు. అక్కడ కేవలం పేటల్లోని చిన్న ఆసుపత్రులను బలపరిచే పథకానికే దానిలో ఐదో వంతుకు పైగా. అక్కడా అంతా సవ్యంగా లేదు. ఆ సామాజిక కార్యక్రమం అయిదేళ్లకే పరిమితం. చమురు శుభ్రం చేసిన కూలీలు ఎందరో తమ జబ్బులను కోర్టులో నిరూపించలేక వెనుదిరిగారు. కానీ ఒక్క సూత్రం మాత్రం అక్కడ అంగీకారం పొందింది. విషం పీల్చినవారి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించే ఖర్చు రాజీలోనే భాగం కావాలి, ఎవరి దయమీదా ఆధారపడరాదు.

ముతవల్లీ ఎవరన్నది ఒక్కటే ప్రశ్నా?

ఇక్కడ మనవారికి చేదుగా ఉండే మాట ఒకటి చెప్పక తప్పదు. భోపాల్ కేసులో భారతీయ నిందితుల మీది అభియోగాలను గరిష్ఠంగా రెండేళ్ల శిక్షపడే నిర్లక్ష్యపు నేరానికి తగ్గించిన 1996 సెప్టెంబరు తీర్పు నాటి ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎం. అహ్మదీ. పదవీ విరమణ తరువాత ఆసుపత్రి ట్రస్టుకు 1998 నుంచి అధ్యక్షత వహించిందీ ఆయనే. 2010 జూన్ 7న నిందితులకు రెండేళ్ల శిక్ష, వెంటనే బెయిలు వచ్చినప్పుడు దేశం భగ్గుమంది. ఆ తరువాత ఆయన పదవి వదిలారు, ట్రస్టు రద్దయింది, ఆసుపత్రి ప్రభుత్వ శాఖల చేతులు మారి 2012లో వైద్య పరిశోధన మండలికి చేరింది. ఇది ఒక వ్యక్తి శీలం మీద తీర్పు కాదు. మన పేరున్న మనిషి కుర్చీలో కూర్చుంటే చాలు, మనకు న్యాయం జరిగినట్టే అనుకునే మన అలవాటు మీద ఆక్షేపణ. కాజీ క్యాంప్ విధవకు కావలసింది తన మతంవాడైన అధ్యక్షుడు కాదు, తనకు లెక్క చెప్పే అధ్యక్షుడు.

వక్ఫ్ విషయంలో మనం ఈ పాఠం ఎంతో ఖరీదుకు నేర్చుకున్నాం. ప్రభుత్వ పెత్తనాన్ని ఎదిరించడం మన హక్కు. దానితో పాటు లెక్క చూపని ముతవల్లీని నిలదీయడం కూడా మన విధి. మొదటిది చేసి రెండవది వదిలితే మన వాదనలో సగమే మిగులుతుంది. భోపాల్‌లో మొదట ప్రైవేటు ట్రస్టు, తరువాత ప్రభుత్వ సంస్థ. యాజమాన్యం మారింది, బాధితుడి స్థానం మారలేదు. 2012 ఆగస్టులో సుప్రీంకోర్టు బాధితుల వైద్య రికార్డులను కంప్యూటరీకరించాలని, ఖాళీలు నింపాలని, చికిత్సకు ప్రామాణిక విధానం రూపొందించాలని, పర్యవేక్షణ కమిటీ సరిగా పనిచేసేలా చూడాలని ఆదేశించి, అమలును మధ్యప్రదేశ్ హైకోర్టుకు అప్పగించింది. పదకొండేళ్ల తరువాత కూడా అవి అమలు కాక, కోర్టు ధిక్కార చర్యల దాకా వ్యవహారం వెళ్లింది. రోగి చేతికి తన వైద్య చరిత్ర కాగితం ఇవ్వడానికి కోర్టు ధిక్కార నోటీసు కావలసి వచ్చిన దేశం మనది.

ఇది మన సమస్యేనా?

వాయువుకు మతం లేదని, భోపాల్‌ను మైనారిటీ సమస్యగా చేయవద్దని కొందరు హితవు చెబుతారు. వాయువుకు మతం లేదు, నిజమే. పటానికి ఉంది. విషం తయారు చేసే కర్మాగారాన్ని ఎవరి ఇళ్ల పక్కన ఉంచవచ్చునో, ఎవరి ఇళ్ల పక్కన ఉంచరాదో నిర్ణయించే పటం కులాన్నీ, మతాన్నీ, పేదరికాన్నీ చూస్తుంది. పాత భోపాల్‌లో ముస్లింలు, దళితులు, వలస కూలీలు ఆ గోడ పక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. అదే సమయంలో దీనిని కేవలం ముస్లింల గాయంగా చెప్పుకోవడం మరో అన్యాయం. ఆ రాత్రి జయప్రకాశ్ నగర్‌లో పక్కపక్కన పడిన శవాలను చితికీ, ఖబరస్తాన్‌కూ విడదీయడానికి సమయం కూడా చాలలేదు.

ఉద్యమ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. రషీదా బీ, చంపాదేవి శుక్లా కలిసి పోరాడారు. 2004లో తమకు వచ్చిన గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారపు సొమ్ముతో చింగారీ ట్రస్టు స్థాపించి, వాయుపీడిత కుటుంబాలలో వైకల్యంతో పుట్టిన పిల్లలకు చికిత్స అందించే పని చేపట్టారు. అబ్దుల్ జబ్బార్ వేలాది స్త్రీలను కూడగట్టి, 2019లో కన్నుమూసే దాకా, పరిహారంతో పాటు పని హక్కు కోసం పోరాడారు. మరణానంతరం ఆయనకు పద్మశ్రీ దక్కింది. విరాళాలతో నడిచే సంభావన క్లినిక్ 1996 నుంచి ఉచిత చికిత్సతో పాటు పేటల్లో సర్వేలూ చేసింది. రాజీ సొమ్ము చేయవలసిన పనిని పేదల సంఘాలు, సామాన్యుల చందాలు చేశాయి. అక్కడ రోగి పేరు ఉంది, ఇంటి చరిత్ర ఉంది, రెండో తరం లెక్క ఉంది. వందల కోట్లతో లేచిన భవనంలో లేనిది వారి దగ్గర ఉంది.

విశాఖ గోడ మీది రాత

తెలుగువారు భోపాల్‌ను దూరపు ఊరుగా భావించరాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయాలని కంపెనీని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించింది. భోపాల్‌తో పోలిస్తే వేగంగా, ఉదారంగా జరిగినట్టే కనిపిస్తుంది. కానీ భోపాల్ నేర్పిన ప్రశ్నలను అక్కడా అడగాలి. ఆ రాత్రి ఆవిరి పీల్చి, బతికి, ఇంటికి వెళ్లినవారి పేర్ల శాశ్వత పట్టిక ఎవరి దగ్గర ఉంది? పదేళ్ల తరువాత వారి ఊపిరితిత్తులను, రక్తాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఆ నిధిని ఏ విధంగా ఖర్చు పెట్టాలో నిర్ణయించే బల్ల దగ్గర వెంకటాపురం స్త్రీకి కుర్చీ ఉందా? మరణానికి కట్టిన ధర పెరిగిందని సంతోషించేలోగా, బతికినవారిని లెక్కలోంచి తుడిచివేసే పాత పద్ధతి మళ్లీ అమలు కాకుండా చూసుకోవాలి.

మనం కోరవలసినవి అసాధ్యమైన కోరికలు కావు. పర్యావరణ దుర్ఘటనలో ఏ రాజీ కుదిరినా నగదు పరిహారం వేరుగా, ఆరోగ్య నిధి వేరుగా ఉండాలి. ఒకటి ఇచ్చి రెండవదాన్ని ఎగ్గొట్టే వీలు ఉండరాదు. ఆరోగ్య నిధిని నడిపే మండలిలో సగానికి పైగా సభ్యులు బాధితులు ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో సగం స్త్రీలు కావాలి. ఏటా లెక్కలు బాధితుల భాషలో, భోపాల్ అయితే ఉర్దూ, హిందీలలో, పేటలోనే చదివి వినిపించాలి. వైద్య రికార్డు రోగి సొత్తు, దాని నకలు అడగకుండానే అతని చేతికి రావాలి. కనీసం రెండు తరాల దాకా స్వతంత్ర పరిశోధన సాగాలి. ఆసుపత్రి ఒక్కటే చాలదు, పేటలోని చిన్న క్లినిక్, ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య కార్యకర్త, శుద్ధమైన నీళ్లు కావాలి. 2025లో కర్మాగారం నుంచి 337 టన్నుల విషవ్యర్థాలను పీథంపూర్‌కు తరలించి కాల్చివేశారు. ఆ ఆవరణ నేల, దాని కింది నీళ్లు మాత్రం ఇంకా విషం మోస్తూనే ఉన్నాయి. నీళ్లు బాగుచేయకుండా మందులిచ్చే వైద్యం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ఈ పత్రిక పాఠకులు చేయగలిగిన పని కూడా ఉంది. మన బస్తీలు, మన మసీదు కమిటీలు, మన యువజన సంఘాలు పారిశ్రామికవాడల పక్కనే ఉన్నాయి. మీ పేటలోని కర్మాగారంలో ఏ రసాయనం నిల్వ ఉంటుందో సమాచార హక్కు కింద అడగండి. ప్రమాదం జరిగిన రోజున ప్రతి ఇంటి మనిషి పేరు, ఉన్న చోటు, లక్షణాలు, ఆసుపత్రి చీటీ రాసిపెట్టి, నకళ్లు రెండుచోట్ల దాచండి. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ, దళిత కుటుంబాల పేర్లూ అదే పుస్తకంలో రాయండి. భోపాల్‌లో కాగితం లేని మనిషిని లేని మనిషిగానే లెక్కించారు. ఎవరో వచ్చి మన అమానత్‌కు లెక్క రాస్తారని ఎదురుచూడకుండా ఆ పుస్తకం మొదటి పేజీ మనమే తెరవాలి.